తాకట్టు లెక్కలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నాట్లకు పెట్టుబడి కావలసినపుడు రైతునకు మొదట తోచునది ఇంటి యాడువారి మెడలోని బంగారము. పంట రాగానే విడిపింతునను ధైర్యముతో దానిని కుదువబెట్టును. ధాన్యమమ్మి దుకాణమునకు పోవునప్పటికి తాననుకొనిన మొత్తమొకటి, షావుకారు చెప్పునది వేరొకటి యగును. వాదము పెరుగును, నగ మాత్రము షావుకారు పెట్టెలోనే యుండును.

ఈ తగవునకు మూలము తరచుగా వడ్డీ రేటు కాదు, వడ్డీ కట్టు పద్ధతి. ఒకడు 50,000 రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, 18 నెలల 5 దినములకు విడిపింపబోయె ననుకొందము. బారువడ్డీ చొప్పున చెల్లవలసినది 68,167 రూపాయలు. ఏడాది కాగానే వడ్డీని అసలులో కలిపి కాగితము తిరుగవ్రాసి, చివరి యైదు దినములను నిండు నెలగా గట్టినచో 70,680 రూపాయలగును. రేటొక్కటే, భేదము 2,513 రూపాయలు. ఏ పద్ధతికి ఒప్పందమైనదో తెలుపు కాగితము రైతు చేతిలో లేకున్న షావుకారు మాటయే లెక్క యగును.

మన సీమకు ఈ బాధ క్రొత్తది కాదు. నిజాము కాలమున నాగువడ్డీ పేరిట గింజలప్పిచ్చి కళ్లములోనే హెచ్చుగా కొలిపించుకొనిన దినములను పెద్దలు చెప్పగా వినియున్నాము. వడ్డీ వ్యాపారమునకు లైసెన్సు విధించు హైదరాబాదు చట్టము 1349 ఫస్లీలోనే పుట్టినది. చట్టము లేకపోవుట నేటి లోపము కాదు. అది జనులకు తెలియకపోవుటయే లోపము.

1872 నాటి కాంట్రాక్టు చట్టము కుదువబెట్టిన వానికి గట్టి రక్షణలనే యిచ్చినది. గడువు దాటినను, నగ నిజముగా అమ్ముడుపోవు క్షణము వరకు బాకీ చెల్లించి విడిపించుకొను హక్కు 177వ సెక్షను వలన గలదు. తగినంత ముందుగా నోటీసు ఇయ్యక అమ్మరాదనియు, అమ్మగా మిగిలిన సొమ్ము యజమానికే చెందుననియు 176వ సెక్షను చెప్పుచున్నది. బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు రిజర్వు బ్యాంకు 2025 జూనులో నిబంధనలు విధించి, 2026 ఏప్రిల్ 1వ తేదీని గడువుగా పెట్టినది. బాకీ తీరిన ఏడు పనిదినములలో నగ తిరిగి యియ్యవలెను. తమ తప్పువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల పరిహారము చెల్లింపవలెను. వీధిలోని తాకట్టు దుకాణములకు ఈ నిబంధనలు వర్తింపవు. కావున అచ్చట కాగితమే మనకు కోట.

నగ యిచ్చునాడే తూకము, వన్నె, అసలు, వడ్డీ కట్టు పద్ధతి, గడువు తెలుగున వ్రాసిన రసీదు పుచ్చుకొనవలెను. కట్టిన ప్రతి పైకమునకు చెల్లు వ్రాయించుకొనవలెను. తగవు వచ్చినచో నోటిమాటతో తృప్తిపడక వివరముగల లెక్క నడిగి, తానొప్పుకొను మొత్తమును చెల్లింప సిద్ధమని వ్రాతమూలకముగా తెలుపవలెను. నిజాయితీగల షావుకారునకు ఇందువలన నష్టమేమియు లేదు.

పఠనాలయములకు వచ్చు చదువరులారా! మీ వీధిలో చదువురాని వారెందరో గలరు. వారి రసీదులను ఒక్కసారి చదివి చెప్పుడు. పత్రిక చదివిన ఫలము పొరుగువాని నగ యింటికి వచ్చిననాడు కనబడును.