అన్నం తగ్గిస్తే ఒళ్ళు తగ్గుతుందా?

ఒళ్ళు తగ్గటానికి ఏం చెయ్యాలని అడిగే ఉత్తరం లేని వారం ఉండటం లేదు. ఒకావిడకు పెళ్ళినాటి రవికెలు పట్టటం లేదుట. మరొకావిడకు రెండో అంతస్తు మెట్లు ఎక్కేసరికి ఆయాసం వస్తోందిట. ఇంకొక గృహిణి తన సంగతి రాయకుండా వాళ్ళాయన బొజ్జ సంగతి రాసింది. ఎవరు ఎలా మొదలుపెట్టినా చివరకు అందరూ అడిగేది ఒకటే: “అన్నం పూర్తిగా మానేస్తే తగ్గుతామంటున్నారు, నిజమేనా?”

నిరుడు మా ఇంట్లో మావారూ, మా పెద్దవదినగారూ, నేనూ ముగ్గురం మూడు రకాలుగా ఈ వ్రతం పట్టాం. కనుక పుస్తకాలు చెప్పే జవాబుతో పాటు వంటింట్లో తేలిన జవాబు కూడా చెప్పగలను.

ఇదేదో నిన్నమొన్న పుట్టిన వేలంవెర్రి అనుకునేవాళ్ళు ముందు ఒక పాత కథ వినాలి. 1862లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే పెద్దమనిషి ఉండేవాడు. అంత్యక్రియలకు ఏర్పాట్లు చేయించటం వాళ్ళ కుటుంబ వృత్తి. రాజకుటుంబానికి కూడా వాళ్ళే ఆ పని చేసేవారు. ఆయనకు 66 ఏళ్ళు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌన్లు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకోలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి నెమ్మదిగా దిగేవాడట. చెవి సరిగా వినబడటం లేదని విలియం హార్వే అనే వైద్యుడి దగ్గరకు వెళితే, ఆయన చెవి సంగతి పక్కనబెట్టి పొట్ట సంగతి పట్టుకున్నాడు. రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. ఏడాది తిరిగేసరికి బాంటింగ్ 46 పౌన్లు, అంటే 21 కిలోల దాకా తగ్గాడు. ఆ సంతోషం పట్టలేక 1863లో తన అనుభవమంతా చిన్న పుస్తకంగా సొంత ఖర్చుతో అచ్చువేయించి పంచిపెట్టాడు. ఆయన పేరు ఇంగ్లీషులో పథ్యం చెయ్యటానికి మారుపేరైపోయింది.

తరవాత 1972లో అమెరికాలో అట్కిన్స్ అనే డాక్టరు ఇంచుమించు ఇదే మాటను కొత్తగా చెప్పి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 2018 ప్రాంతాల మన ఊళ్ళల్లో కొబ్బరినూనె, నిమ్మకాయల పథ్యం ఎంత జోరుగా సాగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సందు చివర కొట్లో కూడా కొబ్బరినూనె డబ్బాలు ముందు వరసలోకి వచ్చాయి.

ఇక మా ఇంటి సంగతి. మావారిది ఏదైనా పూర్తిగా పట్టటమో, పూర్తిగా వదలటమో తప్ప మధ్యేమార్గం లేని స్వభావం. ఒక సోమవారం నుంచి అన్నం, ఇడ్లీ, చపాతీ, పళ్ళు, కాఫీలో పంచదార అన్నీ బంద్. గుడ్లు, కూరలు, పనీరు, నెయ్యి మాత్రమే. రోజూ తెల్లారగానే బరువు చూసే యంత్రం ఎక్కేవారు. మొదటి వారంలో 3 కిలోలు తగ్గారు. ఆ వార్త ఫోనుల ద్వారా విశాఖపట్నం నుంచి హైదరాబాదు దాకా బంధువులందరికీ చేరింది. రెండో వారంలో అరకిలో. మూడో వారంలో ఏమీ లేదు. యంత్రం పాడైందని దాన్ని బాగుచేయించటానికి బయలుదేరారు.

యంత్రం బాగానే ఉంది. మనం తిన్న పిండిపదార్థంలో కొంత కాలేయంలోనూ, కండరాలలోనూ గ్లైకోజెన్ అనే రూపంలో నిలవ ఉంటుంది. ఆ నిలవ మొత్తం ఇంచుమించు అరకిలో. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసరికి శరీరం ముందు ఆ నిలవను వాడుకుంటుంది, దాంతో ఆ నీరు కూడా పోతుంది. మొదటి వారంలో బట్టలు వదులు కాకుండానే బరువు తగ్గటానికి ఇదే కారణం. ఆ నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది గనుక తలనొప్పి, నిస్సత్తువ, చీటికీమాటికీ చిరాకు. ఆ చిరాకు ఎవరిమీద తీరిందో నా పాఠకులకు విప్పి చెప్పక్కర్లేదు.

రెండో నెలలో తెనాలిలో మా మేనల్లుడి పెళ్ళి వచ్చింది. పులిహోర, బొబ్బట్లు, పూర్ణాలు. రెండు రోజులు మావారు పథ్యానికి సెలవిచ్చారు. ఇంటికొచ్చి యంత్రం ఎక్కితే రెండు కిలోలు ఎక్కువ! ఆయన మొహం చూస్తే జాలేసింది. “ఇంత కష్టపడిందంతా రెండు విస్తళ్ళలో పోయింది” అన్నారు. కాని పోయింది కష్టం కాదు. ఖాళీ అయిన నిలవ మళ్ళీ నిండి, దాంతో నీరు తిరిగి వచ్చింది, అంతే. రెండు రోజుల్లో రెండు కిలోల కొవ్వు పట్టాలంటే మామూలు భోజనానికి మించి 15 వేల కాలరీలకు పైగా తినాలి. ఎంత మర్యాదలు చేసే మగపెళ్ళివారైనా అంత పెట్టలేరు. నేను గమనించినంతవరకు ఇలాంటి పథ్యాలు చాలామంది వదిలేసేది ఇక్కడే. మొదటి వారం తగ్గిన బరువు అంతా కొవ్వేననుకుని పొంగిపోయినవాళ్ళు, పెళ్ళిభోజనంతో వచ్చింది కూడా కొవ్వేననుకుని కుంగిపోతారు.

మా పెద్దవదినగారి కథ ఇంత నవ్వుగా లేదు. ఆవిడకు పన్నెండేళ్ళుగా చక్కెరవ్యాధి. మాత్రలు వేసుకుంటున్నారు. తమ్ముడు తగ్గుతున్నాడని విని, డాక్టరుతో ఒక్కమాట చెప్పకుండా గుంటూరులో తనూ అన్నం మానేశారు. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. నాలుగో రోజు పదకొండు గంటలకు కూరల బజారులో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి కూలబడ్డారు. దొండకాయలు అమ్మే ఆమె గుర్తుపట్టి చెరుకురసం తెప్పించి పట్టించింది కాబట్టి సరిపోయింది. “మా అయ్యకీ ఇంతేనమ్మా” అందిట.

జరిగింది తేలికగా అర్థమయ్యే విషయమే. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలూ, ఇన్సులిన్ ఇంజక్షనూ రక్తంలోని చక్కెరను దించుతాయి. మనం తినే అన్నాన్ని లెక్కలో పెట్టుకునే డాక్టరు వాటి మోతాదు నిర్ణయిస్తాడు. అన్నం తీసేసి మోతాదు అలాగే ఉంచితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలు వేసుకునేవారికి ఇంకొక భయం ఉంది. పిండిపదార్థం మరీ తగ్గిస్తే, పరీక్షలో చక్కెర పెద్దగా కనిపించకపోయినా రక్తం ఆమ్లమయం అయ్యే స్థితి రావచ్చు. రక్తపోటు మాత్రలు కూడా తగ్గించవలసి రావచ్చు. కనుక మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరుకు చెప్పాలి, తరవాతే కంచం మార్చాలి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ ఈ పథ్యం జోలికి సొంతంగా పోకూడదు.

ఇక అన్నం తగ్గించి చపాతీ తింటే చాలు గదా అని చాలామంది రాస్తారు. ఈమధ్య జొన్నరొట్టె, కొర్రన్నం గురించి కూడా అడుగుతున్నారు. గోధుమలోనూ, చిరుధాన్యాలలోనూ పీచు ఎక్కువే, మంచిదే. కాని వాటిలోనూ ప్రధానంగా ఉండేది పిండిపదార్థమే. మన దేశంలో మధుమేహం మీద భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన పెద్ద సర్వే తాలూకు ఆహార వివరాలు 2025లో వెలువడ్డాయి. మనవాళ్ళు తినే కాలరీలలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని అందులో తేలింది. తెల్లబియ్యానికి బదులు గోధుమపిండో, చిరుధాన్యాల పిండో పెట్టుకున్నంత మాత్రాన జబ్బు భయం తగ్గినట్లు కనపడలేదు. మొత్తం మీద పిండిపదార్థం తగ్గి, ఆ చోటుకు పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు వంటి మాంసకృత్తులు రావాలి.

అలాగని పూర్తిగా మానేస్తేనే ఫలితం అనుకోవద్దు. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాదిపాటు చూశారు. ఒక జట్టు కొవ్వు తగ్గించింది, మరో జట్టు పిండిపదార్థం తగ్గించింది. కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. ఇది పెద్ద తేడా కాదని వాళ్ళే తేల్చారు. అంటే ఏ పథ్యం మీరు ఏడాది పొడుగునా విసుక్కోకుండా చెయ్యగలరో అదే మీకు మంచి పథ్యం.

నేను చేసింది అటువంటిదే. మా అత్తగారికి అన్నం వద్దనటం అంటే అన్నపూర్ణను అవమానించినట్లే. నాకేమో రోజూ రెండు వంటలు చేసే ఓపిక లేదు. అందుకని ఏ వంటా మానలేదు, కంచంలో వరస మార్చాను. ముందు కూర, పప్పు వడ్డించుకుని సగం ఆకలి తీరేదాకా ఉత్తగా తింటాను. ఆపైన ఒకే ఒక్క గరిటెడు అన్నం, దానితోనే పులుసూ పెరుగూ. రెండోసారి అన్నం లేదు. బంగాళాదుంప, చేమదుంప, కంద వండిన రోజున వాటిని కూర కింద జమకట్టకుండా అన్నం కింద లెక్కవేసి, ఆ గరిటెడూ సగం చేస్తాను. బీర, సొర, దొండ, వంకాయ, ఆకుకూరలకు లెక్కలేదు. పొద్దున ఇడ్లీలు నాలుగు తినేదాన్ని, ఇప్పుడు వారంలో మూడు రోజులు ఉప్మా లేని పెసరట్టు, మిగతా రోజులు రెండు ఇడ్లీలూ ఒక గుడ్డూ. గుడ్డు తినని ఇళ్ళల్లో గుప్పెడు ఉడికించిన శనగలు చాలు. రోజుకు నాలుగు కాఫీలూ, కాఫీకి రెండు చెంచాల పంచదారా అంటే దాదాపు 40 గ్రాములు. అది మానటానికే నెలరోజులు పట్టింది.

నెయ్యి సంగతి కూడా చెప్పాలి. అన్నం మానాం గదా అని నెయ్యి ధారాళంగా పోసుకోకండి. పిండిపదార్థం గ్రాముకు 4 కాలరీలైతే కొవ్వు గ్రాముకు 9.

ఏడాదికి మా ఫలితాలు ఇవి. మావారు మూడు నెలల్లో 8 కిలోలు తగ్గి, ఆపైన 4 తిరిగి తెచ్చుకున్నారు. నేను మెల్లగా 5 కిలోలు తగ్గి అక్కడే ఉన్నాను. వదినగారు డాక్టరు చెప్పిన ప్రకారం మాత్ర మోతాదు తగ్గించి, నా పద్ధతిలోకి వచ్చి 4 కిలోలు తగ్గారు. ఇప్పుడు మావారూ మా పంక్తిలోకే వచ్చారు.

మీరు మొదలుపెట్టేముందు బరువుతో పాటు నడుము కొలత కూడా టేపుతో చూసి కాగితం మీద రాసుకోండి. యంత్రం వారానికొకసారి ఎక్కితే చాలు. టేపు నెలకొకసారి. పెళ్ళిళ్ళు, పండగలు వెళ్ళిన మర్నాడు రెండూ వద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళు అన్నం తగ్గించినప్పుడు ఎదిగే పిల్లలకు ఏం పెట్టాలని ఇద్దరు ముగ్గురు అడిగారు. పిల్లలను ఈ లెక్కల్లోకి లాగకూడదు. వారి టిఫిన్ల సంగతి పై వారం.