మామ్మకు సీటుందా?

రాజమహేంద్రవరంలో ఓ ఇల్లు. నాన్న కాలేజీ లెక్చరర్. అమ్మ బ్యాంకు ఉద్యోగి. ఎనిమిదో తరగతి అమ్మాయి, ఐదో తరగతి అబ్బాయి. వీళ్లతోపాటు డెబ్భై ఏళ్ల మామ్మ. కిందటి శీతాకాలం మారేడుమిల్లి దగ్గర ఓ రాత్రి టెంటులో పడుకుని వచ్చారు. పొద్దున్నే పొగమంచు, కట్టెల పొయ్యి మీద టీ, పిట్టల అరుపులు... పిల్లలకు ఒకటే పిచ్చి పట్టుకుంది. ఇంట్లో ఉన్న చిన్న కారు మాత్రం మట్టిదారిలో రెండు రాళ్లకు పొట్ట తగిలించుకుని ‘ఇక నా వల్ల కాదు’ అనేసింది.

దాంతో నాన్న ఓ నిర్ణయానికొచ్చారు. కొండలెక్కే బండి కొనాలి! కానీ ఏది? చిన్నదా, పెద్దదా? మనసంతా జిమ్నీ మీదే. అమ్మ చూపు థార్ రాక్స్ మీద. నెల రోజులపాటు భోజనాల దగ్గర ఇదే చర్చ. ఒక రాత్రి చిన్నాడు అడిగిన ప్రశ్నతో అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి.

‘జిమ్నీ కొంటే మామ్మ ఎక్కడ కూర్చుంటుంది నాన్నా?’

నిజమే. జిమ్నీలో సీట్లు నాలుగే!

జానెడు... మూరెడు!

మారుతీ సుజుకీ ఐదు తలుపుల జిమ్నీని 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి తెచ్చింది. ఒకప్పుడు అడవుల్లో సఫారీలకు, పోలీసులకు, సైన్యానికి పెట్టింది పేరైన జిప్సీ కూడా ఈ వంశానిదే. జిప్సీ మన రోడ్ల మీదికి 1985లో వచ్చింది. ఇక మహీంద్రా థార్ రాక్స్ 2024 ఆగస్టులో వచ్చింది. మూడు తలుపుల థార్‌లో వెనక సీటులోకి ఎక్కడానికి ఇబ్బంది పడేవాళ్ల కోసం ఐదు తలుపులతో, ఐదు సీట్లతో చేశారు.

జిమ్నీ పొడవు 3,985 మి.మీ., వెడల్పు 1,645 మి.మీ. రాక్స్ పొడవు 4,428 మి.మీ., వెడల్పు 1,870 మి.మీ. మన లెక్కలో చెప్పాలంటే రాక్స్ జానెడు వెడల్పు, దాదాపు మూరెడు పొడవు ఎక్కువ. కాగితం మీద ఇదేమంత తేడాలా కనిపించదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే ఘాట్‌లో మలుపు దగ్గర ఆర్టీసీ బస్సు ఎదురొచ్చినప్పుడు తెలుస్తుంది, ఆ జానెడు విలువేంటో! తోటల మధ్య ఎడ్లబండి బాటలో వెళ్లేటప్పుడు, ముందుకు దారి లేక అక్కడే వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చినప్పుడు చిన్న బండి హాయిగా ఉంటుంది.

బరువు సంగతీ అంతే. జిమ్నీ సుమారు 1,200 కిలోలు. రాక్స్ అంతకంటే అర టన్నుకు పైగా ఎక్కువే. బురదలో దిగబడితే చిన్నదాన్ని నలుగురు కలిసి తోసి బయటపడేయొచ్చు. పెద్దది దిగబడితే ఊళ్లోకెళ్లి ట్రాక్టర్ తెచ్చుకోవాలి. ఇద్దరు స్నేహితులో, కొత్తగా పెళ్లైన జంటో అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు. వెనక సీట్లు మడిచేసుకుని సామాను వేసుకుంటే జిమ్నీ అంత చురుకైన బండి ఈ ధరలో దొరకడం కష్టం. పైగా దీంట్లో ఏ మోడల్ తీసుకున్నా ఫోర్ బై ఫోర్ ఉంటుంది. అంటే ఇంజిన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. నిట్టనిలువు ఎత్తుల కోసం ‘లో రేంజ్’ గేరూ ఉంది.

త్రాసు చెప్పిన నిజం

మరి కుటుంబంతో వెళ్తే? నాన్నకు ఇంకా ఆశ చావలేదు. ‘మామ్మ ఎప్పుడో గానీ రాదు కదా... నలుగురికి సరిపోతుంది’ అన్నారు. అమ్మ వాదించలేదు. అటక మీది సామానంతా హాల్లోకి దింపింది. రెండు టెంట్లు, ఐదు చాపలు, దుప్పట్లు, పొయ్యి, గిన్నెలు, బియ్యం, పప్పు, మందుల పెట్టె, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. అన్నీ కాటాలో పెడితే ఎనభై కిలోలు తేలింది.

జిమ్నీ మనుషులతో, సామానుతో కలిపి 1,545 కిలోలు దాటకూడదు. బండి బరువు తీసేస్తే మిగిలేది సుమారు 345 కిలోలు. ఇంట్లో మామ్మ కాక నలుగురి బరువు 210 దాకా ఉంటుంది. సామాను ఎనభై. అంటే బరువు సరిపోయింది. కానీ చోటు? వెనక సీట్లలో పిల్లలు కూర్చుంటే డిక్కీలో మిగిలేది 208 లీటర్లు. టెంట్లు, దుప్పట్లు పెట్టేసరికే నిండిపోతుంది. సీట్లు మడిస్తే 332 లీటర్లవుతుంది గానీ, అప్పుడు పిల్లలకు చోటుండదు. రాక్స్‌లో ఐదుగురూ కూర్చున్నాక కూడా మిగిలే డిక్కీ జిమ్నీ డిక్కీకి రెట్టింపు పైనే.

‘మిగిలింది టాప్ మీద కట్టేద్దాం’ అంటారు చాలామంది. ఇక్కడే జాగ్రత్తపడాలి. బండి పైకప్పు మోసే బరువు మనం ఊహించేదానికన్నా చాలా తక్కువ. ఎంతన్నది బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. పైన బరువు పెరిగేకొద్దీ మలుపుల్లో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. ఎత్తుగా, సన్నగా ఉండే బండికి ఇది మరీ ముప్పు. నీళ్ల క్యాను, గిన్నెల్లాంటి బరువులు ఎప్పుడూ కిందే, వెనక సీటుకు ఆనించి ఉండాలి. పైన పెడితే దుప్పట్లు, చాపలే పెట్టాలి.

నాలుగు సీట్ల బండిలో ఐదో మనిషిని ఇరికించడం చట్టానికీ విరుద్ధమే. ఒళ్లో కూర్చోబెట్టుకున్న పిల్లాడికి బెల్టు ఉండదు. ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయన్న ధీమా ఇక్కడ పనికిరాదు. రెండు బండ్లలోనూ ఆరేసి ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నా అవి బెల్టు పెట్టుకున్నవాళ్ల కోసమే. థార్ రాక్స్‌కు 2024లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో 5 స్టార్లు వచ్చాయి. జిమ్నీ విషయానికొస్తే, మూడు తలుపుల బండికి 2018లో యూరో ఎన్‌క్యాప్ 3 స్టార్లు ఇచ్చింది. మనం కొనేది ఐదు తలుపులది కాబట్టి ఆ లెక్క దీనికి నేరుగా వర్తించదు.

నాలుగు చక్రాలూ తిరగాలా?

బండి పెద్దదైతే ఖర్చూ పెద్దదే. 2023లో జిమ్నీ షోరూం ధర 12.74 లక్షల నుంచి మొదలైంది. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే తీసుకోవాలి. 2024లో దాని ధర 18.79 లక్షల నుంచి మొదలైంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారాక రేట్లూ మారాయి కాబట్టి తాజా లెక్క షోరూంలోనే అడగాలి. నాలుగు మీటర్లలోపు బండి కాబట్టి జిమ్నీకి తక్కువ పన్ను ఉంటుందని కొందరనుకుంటారు. పెట్రోలు బండికి తక్కువ పన్ను పడాలంటే ఇంజిన్ కూడా 1,200 సీసీ దాటకూడదు. జిమ్నీది ఒకటిన్నర లీటరు ఇంజిన్. కాబట్టి ఆ రాయితీ దీనికి లేదు.

ఆరు లక్షల తేడా అనగానే నాన్న గతుక్కుమన్నారు. అప్పుడు అమ్మాయి ఓ మంచి పని చేసింది. నోటుపుస్తకంలో మూడేళ్లుగా వెళ్లిన ఊళ్లన్నీ రాసింది. అరకు, లంబసింగి, గండికోట, మారేడుమిల్లి. గండికోటలో పెన్నా లోయ అంచున టెంటు వేసుకున్నా కోట దాకా తారు రోడ్డే. వంజంగి మేఘాలు చూడ్డానికి వెళ్లినా చివర్లో కొంత దూరం నడకే. అన్నీ కలిపి చూస్తే, నాలుగు చక్రాలూ తిరగాల్సిన చోటు ఒక్కటీ లేదు! కావాల్సిందల్లా రాళ్లకు తగలని ఎత్తు, గట్టి టైర్లు... ఐదో సీటు.

రాక్స్‌లో వెనక చక్రాలు మాత్రమే తిరిగే డీజిల్ బండీ ఉంది. 2024లో ఒకే మోడల్‌లో ఈ రెంటికీ తేడా 1.80 లక్షలు. ఏడాదికోసారైనా ఇసుకలోనో, బురదలోనో, తోటల్లోని ఎత్తుల మీదో తిరిగేవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. తారు రోడ్డు దిగనివాళ్లకు మాత్రం అవసరం లేని ఖర్చే.

ఇంకో మాట. ఫోర్ బై ఫోర్ ఉందని వాగులోకి దిగొద్దు. అడుగు లోతు ప్రవాహం చిన్న కార్లను లాగేస్తుంది. రెండడుగులుంటే పెద్ద ఎస్‌యూవీలనూ కొట్టుకుపోయేలా చేస్తుంది. అక్కడ చిన్న బండి, పెద్ద బండి అన్న తేడా లేదు. వర్షాకాలంలో వాగు పొంగితే ఒడ్డునే ఆగిపోవడం ఒక్కటే దారి.

కొనేముందు...

* టెస్ట్‌డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి. పెద్దవాళ్లను ఎక్కించి, దింపి చూడండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పక్కన మెట్టు తప్పనిసరి.

* వెనక సీట్లో అరగంటైనా కూర్చోండి. రెండింటికీ వెనక రిజిడ్ యాక్సిలే కాబట్టి గతుకుల్లో కుదుపులు మామూలు కారు కంటే ఎక్కువగా తెలుస్తాయి.

* మీ వీధి, గేటు, పార్కింగ్ టేపుతో కొలవండి. అడవికి వెళ్లేది ఏడాదిలో పది రోజులే. మిగిలిన రోజులు బండి ఉండేది అక్కడే.

* ఫోర్ బై ఫోర్‌ను పొడి తారు రోడ్డు మీద వాడొద్దు. గేర్లు దెబ్బతింటాయి. జారే నేల మీదే వాడాలి.

* జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు, రాక్స్‌ది 57. ఏది తీసుకున్నా ఏజెన్సీ ఎక్కేముందు నింపుకోండి.

* రిజర్వు అడవిలో అనుమతి లేకుండా టెంటు వేయడం నేరం. నల్లమలలో శ్రీశైలం దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అటవీశాఖ అనుమతించిన చోటే ఆగండి.

చివరికి ఆ ఇంట్లో ఏమైంది? షోరూంకు ఐదుగురూ వెళ్లారు. మామ్మ ముందు జిమ్నీ ఎక్కింది. ‘ముద్దుగా ఉందిరా’ అంది. తర్వాత మెట్టు మీద కాలేసి, మనవరాలి చెయ్యి పట్టుకుని రాక్స్ వెనక సీటెక్కింది. పక్కన ఇద్దరు పిల్లలూ సర్దుకున్నారు. ‘నా కోసం ఇంత పెద్ద బండెందుకురా, నేను ఇంటి దగ్గరుంటాలే’ అంది కొడుకుతో.

నాన్న ఏమీ మాట్లాడలేదు. డీజిల్‌లో వెనక చక్రాల బండికి అడ్వాన్సు కట్టి వచ్చారు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి మామ్మ నడుముకు ఆసరాగా ఉంటుందని మడత మంచం ఒకటి కొన్నారు. టెంటు కొలతకు అది సరిపోతుందో లేదో ముందే చూసుకున్నది మాత్రం అమ్మే!