నీడలో కొలిచిన ఎండ

2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేశ్‌పుర్‌లో 52.9 డిగ్రీలు నమోదయ్యాయనగానే దేశమంతా గగ్గోలు. తీరా వాతావరణ శాఖ తనిఖీ చేస్తే, అక్కడి సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. దీన్ని పట్టుకుని శాఖ లెక్కలే నమ్మలేమనడం తొందరపాటు. ప్రామాణిక పరికరంతో పోల్చి చూడబట్టే కదా తప్పు దొరికింది! జనం అసలు గోడు వేరు: రోడ్డు పెనంలా కాలుతుంటే 42 అంటారేమిటని. ఆ 42 గాలి వేడి. తెల్లరంగు పూసి, చుట్టూ గాలి ఆడే రెక్కలు అమర్చిన పెట్టెలో, నేలకు నాలుగడుగులకు పైన, ఎండ సోకకుండా కొలిచింది. తారు వేడి, రేకుల వేడి అందులో కలిస్తే విజయవాడను రామగుండంతో పోల్చలేం, ఈ ఏటిని పాత సగటుతోనూ పోల్చలేం.

కొలతతో కాదు, హెచ్చరికతోనే నా పేచీ. తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 పెరిగితే, లేదా ఏకంగా 45 తాకితే వడగాలి అంటారు. అంతకన్నా తక్కువ ఎండలోనూ ఉక్కపోతకు చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. తేమను కలిపిన సూచీని శాఖ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. తేమ గంటగంటకూ మారుతుంది, అంచనా కష్టమంటారు. కష్టమే. కానీ రేపు పలుగు ఎన్నింటికి దించాలో ఉపాధి కూలీకి చెప్పాల్సింది ఆ అంకే.