పేరే ఒక అక్షరమైతే, పేరే ఒక సంవత్సరమైతే

పుస్తకాలు సేకరించేవారి అభిరుచులు పలు విధాలు. కొందరు ఒకే రచయిత గ్రంథాలన్నీ కూర్చుకుంటారు, కొందరు తొలి ముద్రణల కోసం వెదకుతారు. మాకు కొంతకాలంగా మరొక అలవాటు ఏర్పడింది. ఒక్క అక్షరమో, ఒక సంవత్సరమో పేరుగా గల పుస్తకం కంటబడితే కొనక మానము. హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారం పరచే పాత పుస్తకాల గుట్టలలో మేము వెదకేది ఇవే.

ఈ సేకరణ వట్టి వినోదమని చాలాకాలం అనుకున్నాము. ఆ అభిప్రాయం మారింది కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్‌లో.

అక్కడ మా బంధువుల ఇంట ఒక పాత ట్రంకు పెట్టె ఉంది. నిండా ఉర్దూ పుస్తకాలు. ఇంటిలోని పిల్లలు తెలుగులో, ఇంగ్లీషులో చదువుకుంటున్నారు. ఖుర్ఆన్ పారాయణం వచ్చును గాని, ఉర్దూ చదవడం రాదు. చదివేవారు లేరు గనుక వాటిని పాత కాగితాలవానికి తూకానికి వేయాలని ఇంటివారు నిశ్చయించారు. మేము వెళ్ళిన నాడు పెట్టె వాకిట ఉన్నది.

అందులో అట్ట ఊడిన ఒక ప్రతి 'బాగ్-ఓ-బహార్'. కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో ఉండగా మీర్ అమ్మన్ రచించిన నలుగురు దర్వేషుల కథ అది. తొలి పుటలు లేవు. ఇంటి మనుమడు దానిని తిప్పి చూసి, "నానా, ఇది ఎప్పుడు వ్రాసినదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు.

"పేరులోనే ఉంది బేటా, కూడుకో" అన్నారు పెద్దాయన.

అరబీ అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కను ఆయన వ్రేళ్ళపై చెప్పసాగారు. బే 2, అలిఫ్ 1, గైన్ 1000: ఇది బాగ్. నడుమ వావ్ 6. తరువాత బే 2, హే 5, అలిఫ్ 1, రే 200: ఇది బహార్. మొత్తం 1217. అది హిజ్రీ సంవత్సరం, అనగా క్రీ.శ. 1802-03. 'తోట, వసంతం' అనే ఆ పేరులో రచయిత తన గ్రంథం పుట్టిన ఏటిని దాచి ఉంచాడు. ఇట్టి పేరును తారీఖీ నామ్ అంటారు. సంవత్సరం పేరుగా గల పుస్తకాల కోసం ఊరూరా తిరిగిన మాకు, సంవత్సరమే పేరైన పుస్తకం ఒక పల్లెలో, తూకానికి సిద్ధమైన పెట్టెలో దొరికింది.

అక్షరం పేరైన గ్రంథాలూ మనకు కొత్త కాదు. ఎనిమిదవ శతాబ్దంలో బస్రా నగరపు పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ తలపెట్టిన తొలి అరబీ నిఘంటువు పేరు 'కితాబుల్ ఐన్'. అక్షరాలను గొంతు లోతు నుండి పెదవుల వరకు, అవి పలికే చోటును బట్టి ఆయన వరుస పెట్టారు. ఆ వరుసలో మొదటిది ఐన్ గనుక ఆ పేరు. అబూ అమ్ర్ షైబానీ నిఘంటువు పేరు 'కితాబుల్ జీమ్'. తెరచి చూస్తే అది అలిఫ్‌తో ఆరంభమవుతుంది! ఆ పేరు ఎందుకన్నది పండితులకు నేటికీ ప్రశ్నే.

దివ్య ఖుర్ఆన్‌లో సాద్, ఖాఫ్ సూరాలకు అక్షరాలే పేర్లు. 68వ సూరాకు 'అల్ ఖలమ్' అనే పేరుతో పాటు 'నూన్' అనే పేరూ ఉంది. ఆ అక్షరం వెన్వెంటనే కలం ప్రస్తావన వస్తుంది. ఇట్టి విడి అక్షరాలతో ఆరంభమయ్యే సూరాలు 29. వాటి భావం అల్లాహ్‌కే తెలుసునని చెప్పి, పెద్దలనేకులు అక్కడ ఆగిపోయారు. తెలియని చోట ఆగడం కూడా చదువులో భాగమే.

ఇతర భాషలలోనూ ఇట్టివి కలవు. గ్రీకు రచయిత వాసిలికోస్ నవల పేరు 'జెడ్'. 1963లో హత్యకు గురైన ఒక శాంతి ఉద్యమ నాయకుడు 'జీవించే ఉన్నాడు' అని చెప్పే గ్రీకు మాటకు అది గుర్తు. జార్జ్ ఆర్వెల్ '1984' వెలువడినది 1949లో. జపాను రచయిత మురకామి దానిని తలపిస్తూ '1క్యూ84' అని పేరు పెట్టాడు, జపానీ భాషలో తొమ్మిదిని 'క్యూ' అనే పలుకుతారు గనుక. తెలుగులో శ్రీశ్రీ 'సిప్రాలి' మూడు అక్షరాల పొట్లం: సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలు, లిమరిక్కులు.

మా అలమరలోని మరొక పుస్తకం '1948: హైదరాబాద్ పతనం'. ఆ ఏడు ఉస్మానాబాద్ జిల్లా కలెక్టరుగా ఉన్న మహమ్మద్ హైదర్ జ్ఞాపకాలకు తెలుగు రూపం అది. మన ఇండ్లలో ఎందరో పెద్దలు ఆ సంవత్సరం పేరెత్తి, ఆపై మౌనం వహించడం మేమెరుగుదుము. అట్టి అంకెను అట్టపై చూసి ముచ్చటపడి, తెరవకుండా అలమరలో నిలిపితే ఆ మౌనం మరింత పెరుగుతుందే గాని తగ్గదు.

నస్రుల్లాబాద్‌లో ఆ మనుమడు మరొక ప్రశ్న వేశాడు: "మరి 786 కూడా ఇటువంటిదేనా?" ఔను, బిస్మిల్లాహ్ వాక్యపు అక్షరాలను అబ్జద్ ప్రకారం కూడితే వచ్చే మొత్తమే అది. అయితే ఆ అంకె ఆ వాక్యానికి బదులు కానేరదని చాలామంది ఉలమా హెచ్చరించారు. అంకె వ్రాసినంత మాత్రాన వాక్యం పఠించినట్లు కాదు. అబ్జద్‌తో జాతకాలు చెప్పేవారితో మనకు అసలే పని లేదు. పుస్తకాల విషయమూ అంతే. వింత పేరు ద్వారం వంటిది. దాని ముందు నిలబడి మెచ్చుకుని మరలిపోతే ఇల్లు చూసినట్లు కాదు.

అందుచేత ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాము. ప్రతి పుస్తకానికి ఆ పేరు ఎందుకు వచ్చినదో, చదివిన తరువాత, ఒక చిన్న నోటుపుస్తకంలో ఒక్క వాక్యం వ్రాస్తాము. వ్రాయలేకపోతే ఆ పుస్తకం ఇంకా మాది కానట్లే. పాఠక సోదర సోదరీమణులారా! మీ ఇండ్లలోని పాత పెట్టెలను తూకానికి వేసే ముందు, ఒక్క సాయంత్రం పెద్దలను, పిల్లలను వాటి చుట్టూ కూర్చోబెట్టండి. పెద్దలు పేర్లు చదివి వినిపించాలి, పిల్లలు తెలుగులో వ్రాసుకోవాలి.

నస్రుల్లాబాద్ పెట్టె తిరిగి లోపలికి చేరింది. 'నస్రుల్లాహ్' అంటే అల్లాహ్ సహాయం, 'ఆబాద్' అంటే జనం నివసించే చోటు. అది తన ఊరి పేరుకు అర్థమని మనుమడికి ఆనాడే తెలిసింది. అతని నోటుపుస్తకంలో మొదటి వాక్యం అదే.