అందలమెక్కిన అంబలి

పత్రికలలోని ఆహారవార్తలు చదివి విస్తరిముందు కూర్చుండువారికి ఆకలికంటె అనుమానమే అధికము. నిన్న నిషిద్ధమైన కోడిగ్రుడ్డు నేడు పథ్యము. ఇట్టి తారుమారులలో చిరుధాన్యముల కథ వినోదమును, విచారమును గూడ కలిగించును.

రాయలసీమ సంగటి, తెలంగాణపు జొన్నరొట్టె, ఉత్తరాంధ్రపు చోడి అంబలి ఒకనాడు శ్రమజీవుల నిత్యాహారము. మెట్టప్రాంతములలో వరియన్నము పండుగనాటి భాగ్యము. 1983లో రెండు రూపాయలకు కిలోబియ్యము వచ్చిన పిమ్మట ఆ భాగ్యము పేదయింటికిని చేరినది. ఆకలి తీర్చిన పథకమును తప్పుపట్టరాదు. కాని క్రమముగా రాగిముద్ద తినుట నామోషీయైనది.

ఇంతలో కాలము తిరిగినది. భారతదేశ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. కేంద్రప్రభుత్వము వానిని ‘శ్రీ అన్న’ అని గౌరవించినది. శ్రీ అనగా సిరి. ఆ సిరి ముందుగా ధరలోనే కానవచ్చినది! అవ్వ కుండలోని కొర్రలు అద్దాల అంగడిలో రంగురంగుల సంచుల కెక్కినవి.

వానిలో గుణము లేకపోలేదు. నూరుగ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు; మరపట్టిన బియ్యములో పది ఉండుటయే గగనము. ఐనను రాగి సర్వరోగనివారిణి కాదు. మైదాయు చక్కెరయు నిండిన రాగిబిస్కట్టులో పేరొక్కటే రాగి. అంబలి త్రాగినవారికిని పప్పు, ఆకుకూర తప్పవు.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ పోయనారంభించిరి. చిరుధాన్యములకు దక్కవలసిన నిజమైన గౌరవమిది. అందలమెక్కిన అంబలి, ఇన్నాళ్లు తన్ను మోసినవారి ముంతను మరువరాదు.