సభ్యుల పుస్తకం వేరు, కానుకల పుస్తకం వేరు

ఈసారి వ్యాకరణం కాదు, లెక్కల గురించి రాస్తున్నాను. నేను చదివింది ఇంగ్లీషు మీడియం. తెలుగు రాయడం అరవై దాటాక సొంతంగా నేర్చుకుంటున్నాను. అందుకే నా వాక్యాలు చిన్నవి. అభిప్రాయం మాత్రం గట్టిదే.

కానింగ్ వేల్‌లో గుడి ఉంది, గురుద్వారా ఉంది, చర్చిలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల పని చాలావరకు నాలాంటి వాలంటీర్లే చేస్తారు. సభ్యుల జాబితా ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. కానుకల రసీదులు ఇంకొకరి ఇంట్లో కంప్యూటర్‌లో ఉంటాయి. కమిటీ మారగానే ఎవరో ఒకరు "రెండూ కలిపేద్దామండీ, ఒక్క పూట పని" అంటారు. రెండు జాబితాలు ఒకరికొకరు తెలియకుండా పెరగడం మంచిది కాదు, నిజమే. కానీ ఒక్క పూట పని అనే మాట నేను ఒప్పుకోను. అన్నిటినీ ఒకే షీటులో అతికించడం అసలే ఒప్పుకోను.

ముందు పేర్ల సంగతి చూద్దాం. లక్ష్మి అనే పేరును తెలుగులో ఒక్కలాగే రాస్తాం. ఇంగ్లీషులో కొందరు కె, ఎస్, హెచ్ వేస్తారు, కొందరు ఎక్స్ వేస్తారు. కంప్యూటర్‌కు వాళ్ళు ఇద్దరు మనుషులు. దీనికి మందుగా సౌండెక్స్ అనే పద్ధతి ఉంది. 1918లో అమెరికాలో పేటెంట్ అయింది. మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లులకు అంకెలు ఇస్తుంది. దానితో రెండు లక్ష్ములూ ఒక్కటవుతారు, బాగుంది. కానీ అదే లెక్కలో రాము, రాణి కూడా ఒక్కటే. సీత, సుధ ఒక్కటే! ఈశ్వరి పేరును ఒకరు ‘ఐ’ అక్షరంతో, ఇంకొకరు ‘ఇ’ అక్షరంతో మొదలుపెడితే మళ్ళీ ఇద్దరు. మన పేర్లను దృష్టిలో పెట్టుకుని ఎవరూ దాన్ని తయారుచేయలేదు.

తరువాత ఇంటిపేరు. మన వాడుకలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. ఆస్ట్రేలియా ఫారంలో ఇది తలకిందులు. పెళ్ళయ్యాక కొందరు ఇంటిపేరు మార్చుకుంటారు, కొందరు మార్చుకోరు. చర్చి జాబితాలో ఒకే మనిషికి ఇంట్లో పిలిచే తెలుగు పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఇంకొకటి ఉండవచ్చు.

"సరే, ఈమెయిల్ చూసి కలుపుదాం" అంటారు కుర్రవాళ్ళు. మన ఇళ్ళల్లో భార్యాభర్తలకు ఒకే ఈమెయిల్ ఉండటం మామూలే. అలా కలిపితే ఇద్దరు సభ్యులు ఒకరైపోతారు. సాధారణంగా పోయేది ఆవిడ పేరే, ఎందుకంటే ఫారం మీద మొదట రాసింది ఆయన పేరు. వార్షిక సమావేశంలో ఆవిడ చెయ్యి ఎత్తితే "జాబితాలో మీ పేరు లేదండీ" అని చెప్పాల్సి వస్తుంది. ముప్పై ఏళ్ళు ప్రసాదం వండిన మనిషికి ఆ మాట చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది? రెండు పేర్లు మిగిలిపోతే ఒకటి తీసేయవచ్చు. పోయిన ఓటు సమావేశం అయ్యాక తిరిగి రాదు.

ఫోన్ నంబర్ కూడా నమ్మలేం. ఇక్కడి మొబైల్ నంబర్లు సున్నాతో మొదలవుతాయి. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని సున్నా మింగేస్తుంది. తేదీలు ఇంకా ప్రమాదం. 03/07 అంటే మనకు జూలై 3. ఒక ల్యాప్‌టాప్ అమెరికా పద్ధతిలో ఉంటే దానికి అది మార్చి 7. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది కాబట్టి ఆ కానుక పోయిన సంవత్సరం లెక్కలోకి జారిపోతుంది.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2015 నాటి సంఘాల చట్టం ప్రకారం నమోదైన ప్రతి సంఘం సభ్యుల రిజిస్టరు ఉంచాలి. మార్పు వస్తే 28 రోజుల్లో రాయాలి. సభ్యులు ఎవరైనా అడిగితే ఆ రిజిస్టరు చూపించాలి. అది మంచి చట్టం, కమిటీలకు కాస్త భయం ఉండాలి. కానీ అదే షీటులో, పేరు పక్కన, ఎవరు ఎంత ఇచ్చారో కూడా ఉంటే? అడిగిన వాళ్ళకు స్క్రీన్ తిప్పి చూపిస్తే ఏమవుతుంది? ఎదురింటాయన అన్నదానానికి 20 డాలర్లు ఇచ్చాడని వీధి అంతా తెలుస్తుంది.

మన శాసనాల్లో దాతల పేర్లు చెక్కలేదా అని అడగవచ్చు. చెక్కారు. తిరుమలలో పల్లవ రాణి సామవై ఇచ్చిన వెండి విగ్రహం గురించి శాసనం ఉంది. తమ దానం నలుగురికీ తెలియాలని కోరుకున్న వాళ్ళ పేర్లు అవి. మనకు గుప్తదానం అనే మాట కూడా ఉంది. ఆ మాటకు అర్థం షీటులో ఒక నిలువు వరుస చేర్చి చెరిపేయకూడదు.

భాష నేర్చుకునే వాళ్ళకు ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషు కంప్యూటర్ అన్నిటికీ ‘డొనేషన్’ అని ఒకటే మాట వాడుతుంది. మనకు చందా వేరు, విరాళం వేరు, హుండీలో వేసే కానుక వేరు, మొక్కు తీర్చుకోవడం వేరు. చర్చిలో దశమభాగం ఉంది. అర్చన టికెట్టు అసలు దానం కాదు, దానికి బదులు సేవ పొందుతాం. ఈ తేడా పన్ను దగ్గర కూడా పనికొస్తుంది. ఇక్కడ డీజీఆర్ గుర్తింపు ఉన్న నిధికి ఇస్తేనే మినహాయింపు. గుడికో చర్చికో ఇచ్చినంత మాత్రాన రాదు. అన్నిటినీ ఒకే వరుసలో పోసి అందరికీ ఒకేలాంటి రసీదు పంపితే తప్పు రసీదు పంపినట్టే.

నా మాట ఇది. రెండు కంప్యూటర్ల సభ్యుల జాబితాలను ఒకటి చేయండి. కానుకల పుస్తకాన్ని విడిగా ఉంచండి, దాని తాళం కోశాధికారి దగ్గర ఉండాలి. రెండింటి మధ్య సభ్యుల నంబర్ ఒక్కటే వంతెన. పాత ఫైళ్ళను ముట్టుకోకుండా కాపీ దాచండి, ఎలాగూ చారిటీలు లెక్కల కాగితాలు 7 సంవత్సరాలు ఉంచాలి. కంప్యూటర్ "వీళ్ళిద్దరూ ఒకరేనేమో" అని చెప్పవచ్చు. అవునో కాదో తేల్చేది మాత్రం ఆ మనిషే.

అందుకు ఫోన్ చేయాలి. పెద్దవాళ్ళతో తెలుగులో నెమ్మదిగా మాట్లాడాలి. మీరు నేర్చుకున్న తెలుగు ఈ పనికి సరిపోతుంది. నేను రెండు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను, మీరూ వాడుకోవచ్చు. "మీ ఇంటిపేరు ఏమిటండీ?" "మీ పేరు తెలుగులో ఎలా రాయమంటారు?"