సీసాల్లో పట్టుకెళ్లిన నీళ్లు

కొల్లేరు మీద ఎక్కడ సభ జరిగినా అయిదో కాంటూరా, మూడో కాంటూరా అన్న వాదన గంటలకొద్దీ నడుస్తుంది. పక్షుల మాట వస్తుంది, చేపల చెరువుల మాట వస్తుంది. బిందె మాట రాదు. బిందె మోసే మనిషిని వేదిక మీదకు పిలవకపోవడమే అందుకు కారణమని నేననుకుంటాను.

లంక గ్రామాల్లో ముసలమ్మలను అడగండి. వాళ్ల చిన్నతనంలో సరస్సు నీళ్లే ముంచుకొచ్చి, చిల్లగింజ అరగదీసి కుండలో కలిపి, తేరాక తాగేవాళ్లు. వాళ్ల మనవరాళ్లు చుట్టూ నీళ్లుండగా 20 లీటర్ల టిన్ను కొంటున్నారు. అదీ కూలి డబ్బుల్లోంచి.

నీళ్లు ఇలా ఎందుకయ్యాయన్నది రహస్యమేమీ కాదు. బుడమేరు బెజవాడ మురుగును తెస్తుంది. డెల్టా వరిచేలలో చల్లిన ఎరువులూ, పురుగుమందులూ డ్రెయిన్ల వెంట దిగుతాయి. చెరువుల్లో తవుడు, చెక్క, కోళ్లపెంట వేసి, చేప పట్టుబడి కాగానే ఆ నీటిని కొల్లేట్లోకే తోడేస్తారు. ఆ బలంతో నాచూ, గుర్రపుడెక్కా కమ్ముకుంటాయి. అవి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది, చేపలు తేలిపోతాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. మేట వేసిన ఆ దారిన మురుగు త్వరగా పోదు సరికదా, వేసవిలో ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది.

1999లో అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు, తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. గట్లు తెంపితే చాలుననేవారితో నేను ఏకీభవించను. తెంపిన రోజున కూడా బెజవాడ మురుగు వస్తూనే ఉంది. కూలి మాత్రం పోయింది.

కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట ఒక లంకలో చెప్పబోతే ఒకావిడ అడ్డుపడింది. "పరీక్షకని మా నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తారమ్మా. ఏం తేలిందో ఒక్కరూ వచ్చి చెప్పరు."

నాకు సమాధానం దొరకలేదు. ప్రతి కారులోనూ లంకల నీటినీ, కొల్లేట్లో కలిసే డ్రెయిన్ల నీటినీ పరీక్షించి, ఫలితాన్ని తెలుగులో గ్రామసభలో, ఆడవాళ్ల ఎదుట చదివి వినిపించాలి. అధికారులు దీన్ని సాంకేతిక విషయమంటారు. వంట నీళ్లు ఎవరికి సాంకేతికం?

ఆ సీసాల ఫలితాలు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడుగుదామన్నాను. దరఖాస్తు నేను రాస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. అక్షరాలు కూడబలుక్కుంటూ తనే రాస్తోంది. ఇప్పటికి సగం పేజీ అయింది.